పేరు చెప్పకూడని వేరు

ఇది ఒక మహాగాథ. ఇందులో ఆఫ్రికా అడవులున్నాయి, దేవతార్చన ఉంది, మృత్యువుతో ముఖాముఖి ఉంది, సూర్యుడు లేవకముందే మౌనంగా జరిగిపోయిన ఒక భీకర కార్యం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే కనీసం రెండో పేజీ దాకా అయినా చదువుతారని నా ఆశ. ఉన్నమాట చెప్పాలంటే రేపల్లెలో మా బావకి ఆవలింతలు వచ్చాయి, ముక్కు కారింది, మేమందరం భయపడ్డాం. ఆఫ్రికా ఫోన్లో కనిపించింది.

బావ అంటే మా అక్క మొగుడు. రేపల్లె అవతల రొయ్యల చెరువులు చేస్తాడు. ఆ మధ్య ఒక వానాకాలం చెరువు గట్టు మీద బండి జారి నడుం విరిగేలా పడ్డాడు. డాక్టరు కొన్నాళ్లు వాడమని ట్రమడాల్ మాత్రలు రాశాడు. నొప్పి చెప్పిన గడువుకి తగ్గింది. మాత్రలు తగ్గలేదు. ఆ మాత్ర నల్లమందు వంశానికి దూరపు చుట్టం. నొప్పికి తోడుగా ఇంట్లోకి వస్తుంది, నొప్పి వెళ్లిపోయాక కూడా మంచం దిగదు. కొన్నాళ్లకి బావకి పొద్దున్నే రెండు వేసుకోనిదే చెరువు మీదికి వెళ్లే ఓపిక ఉండేది కాదు. మధ్యాహ్నం వేసుకోకపోతే పనివాళ్ల మీద అరిచేవాడు. అక్క కనిపెట్టేసరికి చొక్కా జేబుల్లో, బండి డిక్కీలో, మేత బస్తాల వెనక అన్నీ ఖాళీ అట్టలే.

బావ పౌరుషం గల మనిషి. అక్క ఏడవగానే మిగిలిన మాత్రలన్నీ తీసుకెళ్లి చెరువులో పారేశాడు. ఆ పంటకి రొయ్యల్లో నడుం నొప్పులున్నట్టు ఎక్కడా ఫిర్యాదు రాలేదు. "ఈ జన్మలో మళ్లీ ముట్టను" అన్నాడు. జన్మ సంగతి అలా ఉంచితే, మర్నాటికే ఒళ్లు తెగ నొప్పులు పుట్టి, చెమటలు పోసి, కాళ్లు వాటంతటవే తన్నుకోవడం మొదలుపెట్టాయి. అలాంటి మాత్రలు ఒక్కసారిగా మానకూడదని, డాక్టరు దగ్గర కూర్చుని మెల్లిగా దింపుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా పౌరుషానికి చెవులుండవు.

అక్క నాకు ఫోన్ చేసింది. నేను బాపట్లలో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. నా థీసిస్ సరిగ్గా దీని మీదే. నల్లమందు జాతి మందులు మానేటప్పుడు పడే బాధకి మొక్కల్లోంచి తీసిన పదార్థాలు ఏమైనా పనికొస్తాయా అని. ఈ సంగతి తెలిశాక తెనాలిలో మా చుట్టాలందరూ నేను మందు కనిపెట్టేశానని అనుకుంటున్నారు. నేను కనిపెట్టింది ఒక్కటే. అశ్వగంధ గురించి రాసినా, బ్రాహ్మి గురించి రాసినా, ఎలుకలు కాస్త నెమ్మదించాయని రాసినా, చివరికి అందరూ "మరింత పరిశోధన అవసరం" అనే ముగిస్తారు. సినిమాకి శుభం కార్డు ఎలాగో, మా వృత్తికి ఆ వాక్యం అలాగ.

"నువ్వు రారా. మందుల చదువేగా నీది" అంది అక్క.

"అక్కా, నేను చదివేది ఎలుకల గురించి. మందు మానిపిస్తే అవి గాజు జాడీలో ఎగురుతాయి. ఎన్నిసార్లు ఎగిరాయో లెక్కపెడతారు. అంతే నాకు తెలిసింది."

"ఇక్కడా అట్టాగే ఎగురుతున్నాడు. వచ్చి లెక్కపెట్టు."

కర్లపాలెం మీదుగా వెళ్లే బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది, బయట వరి పచ్చగా ఉంది, అయినా నాకు భయం వదల్లేదు. చదువుకున్నవాడి భయం మామూలు భయం కాదు. చదువుకోనివాడు 'ఏమవుతుందో' అని ఒక్క మాటగా భయపడతాడు. నేను శీర్షికలు, ఉపశీర్షికలు పెట్టుకుని భయపడ్డాను. వాంతులు, విరేచనాలు, నీరసం, ఒంట్లో లవణాలు తగ్గడం, ఫిట్స్. అన్నిటికన్నా పెద్దక్షరాల్లో ఉన్న భయం ఇంకొకటి: కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ జాబితా అంతా తలలో పెట్టుకుని, పక్కనున్న పెద్దాయన ఇచ్చిన బఠాణీలు తిన్నాను. భయానికి ఆకలితో సంబంధం లేదని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. బావ ముందుగదిలో దుప్పటి కప్పుకుని, ఫ్యాన్ వేయించుకుని, మళ్లీ ఆపించుకుంటున్నాడు. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. నన్ను చూసి నవ్వబోయి ఆవలించాడు.

"ఏరా బామ్మర్ది. నీ ఎలుకలు బాగున్నాయా?"

"నిన్ను అడిగాయి బావా. ఆసుపత్రికి పోదాం పద."

"ఏ ఊరు?"

"తెనాలి. అక్కడ దీనికి మందిస్తారు."

"అత్తగారి ఊళ్లోనా? బాగానే ఉంది. మీ వీధి వీధంతా వచ్చి కమలాపళ్లు ఇచ్చి, ఏ అలవాటు బాబూ అని అడిగి పోతారు. నేను రాను."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఎన్నాళ్లుగానో నిద్ర లేదు. "రేపటికి తగ్గకపోతే నేనే మోసుకుపోతాను" అంది. మా అక్క అన్నంత పనీ చేస్తుంది. పెళ్లిలో బావని పల్లకి ఎక్కించడం కష్టమైతే తనే ఎక్కి చూపించిన మనిషి.

ఆ ఇంట్లో భయపడనిది ఒక్కరే, బావ వాళ్లమ్మ. నేను అత్తయ్యా అంటాను. ఆవిడ వంటింట్లో ఏదో కాస్తూ, ప్రశాంతంగా, దాదాపు సంతోషంగా ఉంది. కొడుకు అవతల దుప్పటిలో వణుకుతుంటే తల్లి అంత నిబ్బరంగా ఉండటం చూసి నాకు ధైర్యం రావాలి. రాలేదు. గుమ్మం దగ్గరే ఆగి అడిగాను.

"ఏం కాస్తున్నారత్తయ్యా?"

"జీలకర్ర కషాయం బాబూ. కడుపులో వేడి తగ్గిద్ది. నువ్వు భోంచేశావా? ముఖమేంటి అట్టా పీక్కుపోయింది? వాడికి తగ్గిపోద్దిలే. రెండు రోజులు ఓపిక పట్టండి అంతే."

జీలకర్ర కషాయం మీద నాకు ఏ అనుమానమూ లేదు. దాన్ని ఎవరు అనుమానిస్తారు? సాయంత్రం ఆవిడ బావకి గ్లాసుతో అదే ఇచ్చింది. బావ మొహం చేదుగా పెట్టాడు. జీలకర్ర అంత చేదుగా ఉండదన్న విషయం నాకు తట్టలేదు. అప్పటికి నేను బావ నాడి పట్టుకుని, గడియారం చూస్తూ, పెద్ద డాక్టరులా తలాడిస్తున్నాను. నాడి వేగంగా ఉంది. మానేసిన వాళ్లకి అలాగే ఉంటుంది.

పొద్దునకి మనిషి మారిపోయాడు. మానేసిన బాధ ఎలా ఉంటుందో నేను చదివాను కదా, ఇది ఆ వరసలో లేదు. కాళ్లు తన్నుకోవడం ఆగింది. పచ్చగా వాంతులయ్యాయి. కళ్లు తెరిస్తే గోడలు దగ్గరికొస్తున్నాయన్నాడు, మూస్తే ఎవరో తాళం వాయిస్తున్నారన్నాడు. చేతులు వణుకుతున్నాయి. నాడి పట్టుకున్నాను. నిన్నటి వేగం లేదు. నిదానంగా కొట్టుకుంటోంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక దెబ్బ ఎగరగొట్టింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఎగరగొట్టింది. నా వేళ్ల కింద ఆ ఖాళీ తగిలినప్పుడల్లా నా గుండె బదులు ఇచ్చింది.

సాధారణంగా ఇలాంటి చోట నేనొక జోకు వేస్తాను. ఆ రోజు ఫోన్ కోసం జేబు తడుముకున్నాను.

అంబులెన్సుకి ఫోన్ చేద్దామని పెరట్లోకి వెళ్లాను, అక్కడే సిగ్నల్ బాగుంటుంది. పెరట్లో బావి పక్కన నందివర్ధనం పొద ఉంది. ఎప్పుడు వెళ్లినా తెల్లగా విరగబూసి ఉంటుంది. అత్తయ్య పూజకి దాని పూలే. ఆ రోజు ఆ పొద ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఆకులు వడిలి వేలాడుతున్నాయి. మొదట్లో మట్టి కొత్తగా తవ్వి, మళ్లీ పూడ్చి, దాని మీద పసుపూ కుంకుమా చల్లి ఉంది. చెట్టుని కొట్టేటప్పుడు క్షమించమని అలా చల్లుతారు.

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఆఫ్రికా గురించి చెప్పాలి. ఆ ఖండం పడమటి వైపు అడవుల్లో ఒక పొద ఉంది. దాని వేరులో ఉండే పదార్థం మత్తుమందుల మీద యావని తగ్గిస్తుందేమోనని చాలా దేశాల్లో పరీక్షిస్తున్నారు. కొంతమందికి మేలు చేసిందంటారు. కొంతమంది గుండె లయ చెడగొట్టి చంపేసింది కూడా. ఆ పదార్థానికి చుట్టాలు మన నందివర్ధనంలో ఉన్నాయి. వేరులో, బెరడులో. ఈ నందివర్ధనం పొద కూడా ఆ ఆఫ్రికా పొద వంశమే. అందుకే నా థీసిస్‌లో ఆ మొక్కకి ఒక అధ్యాయం ఇచ్చాను. అందులో నాకు బాగా గుర్తున్న పేజీ గుండె గురించి రాసింది.

వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య పొయ్యి మీద గిన్నె మూత తీసి చూస్తోంది.

"అత్తయ్యా. ఆ వేరు ఎవరు చెప్పారు?"

ఆవిడ గబుక్కున నోటి మీద వేలు పెట్టుకుంది. "పేరెత్తకు."

"పేరు ఎత్తట్లేదు. ఎవరు చెప్పారు?"

"ఫోన్లో చూశా. అందులో ఒకాయన చెప్పాడు. ఆఫ్రికాలో వేరు తాగితే ఎట్టాంటి అలవాటయినా పోద్దంట. దాని చెల్లెలే మన ఇళ్లల్లో పూసేదంట. దేవుడికి పెట్టే చెట్టు బాబూ, చెడు చేసిద్దా? ఆదివారం తెల్లారకముందు లేచి, ఎవరితో మాట్లాడకుండా పెరికా. మా అమ్మ చేసినట్టే చేశా. గుణం కనపడేదాకా పేరు పైకి చెప్పకూడదు. చెబితే బలం పోద్ది."

ఇది ఆవిడ ఒక్కతే పాటించే నియమం కాదు. మా ప్రాంతంలో పాముకాటుకి పెట్టే ఆకు దగ్గర్నుంచి పచ్చకామెర్లకి పెట్టే పసరు దాకా ఏ చెట్టుమందుకైనా ఇదే మాట. మౌనంగా తేవాలి, పేరు దాచాలి. పేరు దాచడం వల్ల కొంతమంది బతికారు కూడా, ఎందుకంటే ఏ మందో తెలియక పక్కవాళ్లు చేసుకోలేకపోయారు. అయితే ఫోన్లో ఒకాయన చెప్పిన ఆఫ్రికా మందుని మా అత్తయ్య వాళ్లమ్మ నియమంతో పెరకడం అన్నది ప్రపంచంలో రేపల్లెలో తప్ప ఇంకెక్కడా జరిగి ఉండదు.

"ఎన్నిసార్లు ఇచ్చారు?"

"నిన్న పొద్దున, సాయంత్రం. ఇందాక ఒక గుక్క."

"ఇందాక కూడానా?"

"వాంతి చేసుకున్నాడుగా, లోపలున్న మందంతా పోయిందేమోనని."

ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంకో ఊళ్లో ఉంది, వచ్చేదాకా ఆగండి అన్నారు. అక్క ఆగలేదు. కారు తనే తీసింది. మా అక్క డ్రైవింగ్ సంగతి తెలిసినవాళ్లు అప్పటి నా భయంలో సగం దానికే రాసేయవచ్చు. వెనక సీట్లో నేను, నా ఒడిలో బావ తల, అవతలి పక్క అత్తయ్య. భట్టిప్రోలు దాటేదాకా నేను నాడి వదలలేదు. ఎగిరిపోయిన దెబ్బ మళ్లీ వచ్చేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు. బావకి మెలకువ వస్తూ పోతూ ఉంది. ఒకసారి కళ్లు తెరిచి, "ఏరా, ఎగిరానా?" అన్నాడు.

"ఎగరలేదు బావా. బుద్ధిగా ఉన్నావు."

"అయితే పాసా?"

"సప్లిమెంటరీ" అన్నాను.

రైల్వే గేటు పడింది. రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజరు. మామూలుగా అది ఆలస్యంగా వస్తుందని అందరూ తిడతారు. ఆ రోజు మేం ఉన్నామని టైముకి వచ్చి, టైము తీసుకుని వెళ్లింది. ఒక్కో పెట్టె మా ముందు నుంచి కదులుతుంటే అక్క స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఏడుస్తోందని భుజాలు చెప్పాయి. అప్పుడు అత్తయ్య ముందుకి వంగి, కోడలి చెవి దగ్గర మెల్లగా అంది.

"అమ్మాయ్, అక్కడ డాక్టర్లకి ఆ వేరు సంగతి చెప్పొద్దు. ఇంతదూరం వచ్చింది, గుణం కనపడబోతుంది. ఇప్పుడు పేరు పైకి చెబితే అంతా పోద్ది. నా ఒక్కగానొక్క కొడుకు. నా మాట విను."

అక్క తలెత్తింది. అద్దంలో నన్ను చూసింది. గేటు లేచింది.

తెనాలి ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టరమ్మ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఛాతీ మీద వైర్లు పెట్టించి, కాగితం మీద గీతలు చూసి, నుదురు చిట్లించింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి చాలాసేపు తీసుకుంటోందని, ఆ మధ్యలో ఏమైనా జరగవచ్చని అంది. 'ఏమైనా' అన్న మాటకి ఉపశీర్షికలు నాకు తెలుసు. బావ మళ్లీ వాంతి చేసుకున్నాడు.

"ఏం మందులు వాడుతున్నారమ్మా? ఇంట్లో ఏమైనా పెట్టారా?"

ట్రమడాల్ సంగతి అక్క చెప్పింది. ఎప్పుడు మానేశాడో చెప్పింది. డాక్టరమ్మ అత్తయ్య వైపు తిరిగింది.

"ఏం పెట్టలేదండి. మజ్జిగ, జీలకర్ర కషాయం. అంతేనండి."

నర్సమ్మ వాంతుల ఇంజెక్షను సిరంజిలోకి లాగుతోంది. రోజూ ఎంతోమందికి ఇచ్చే ఇంజెక్షనే, మామూలు గుండెకి దానివల్ల ఏమీ కాదు. కానీ అది కూడా ఆ లయనే ఇంకొంచెం సాగదీస్తుంది. అసలే సాగిపోయిన లయని.

"ఒక్క నిమిషం ఆగండక్కా" అన్నాను నర్సమ్మతో. "మేడమ్, చెట్టు వేరు తాగించారు. నందివర్ధనం. గుండెకి మంచిది కాదు."

డాక్టరమ్మ చేయి ఎత్తి నర్సమ్మని ఆపింది. "ఎంత తాగించారు? పచ్చిదా, ఎండబెట్టిందా? ఎంతసేపు మరగబెట్టారు? అందులో ఇంకేమైనా కలిపారా?"

ఇవేవీ నాకు తెలియవు. ఇద్దరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడ నా వైపు చూసిన చూపు ఈ రోజుకీ నాకు గుర్తుంది. నేను ఆవిడ కొడుకుని చంపినట్టే చూసింది. ఆవిడ లెక్కలో చంపినట్టే. పేరు పైకి వచ్చేసింది. పెదాలు బిగించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పండమ్మా" అంది డాక్టరమ్మ. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "నాకేం తెలీదండి."

వెనక బావ వైర్ల పెట్టె ఒకసారి గట్టిగా కూసింది. అక్క మంచం దగ్గరికి పరుగెత్తింది.

నాకు అప్పుడు సైన్స్ గుర్తుకి రాలేదు. వచ్చినా ఆ గదిలో దాంతో పని లేదు. అత్తయ్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, పేరు చెబితే దాని బలం పోద్దన్నారు కదా."

"పోద్ది. నువ్వు పోగొట్టావు."

"నేను చెబితే సగమే పోద్ది. పెరికిన మనిషి చెబితే మొత్తం పోద్ది. అవునా కాదా?"

ఆవిడ అవునన్నట్టు తలూపింది.

"ఇప్పుడు మనకి కావాల్సింది అదే అత్తయ్యా. దాని బలం పోవాలి. బావ లోపల అది కూర్చుని గుండెని పట్టుకుంది. ఎంత, ఎట్టా అన్నీ మీరే చెప్పాలి. పైకి, గట్టిగా. ఒక్క బొట్టు బలం కూడా మిగలకూడదు."

నేను దీన్ని నమ్మానా అని అడిగితే, ఆ క్షణంలో నమ్మాను. కావాలంటే దీనిపై మరింత పరిశోధన చేయించవచ్చు.

అత్తయ్య కొంగు నోటి మీంచి తీసింది. డాక్టరమ్మ దగ్గరికి నడిచింది. బడిలో పాఠం ఒప్పజెప్పే పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది.

"నందివర్ధనం వేరండి. మా పెరట్లోదే. పచ్చిదేనండి, దంచి కాచాను. కషాయంలో జీలకర్ర కూడా వేశానండి, చేదు తెలీకుండా. ఇందాక బయల్దేరేముందు కూడా ఒక గుక్క పట్టానండి. నందివర్ధనం వేరండి. నందివర్ధనం."

గదంతా వినబడేలా మళ్లీ మళ్లీ అంది. పక్క మంచం మీద చేయి విరిగి పడుకున్నాయన కూడా తలెత్తి చూశాడు.

ఆ ఇంజెక్షను పక్కన పెట్టేశారు. వేరేది ఇచ్చారు. సెలైన్లో ఏవో లవణాలు కలిపి ఎక్కించారు, మానిటర్ పక్కన నర్సమ్మని కూర్చోబెట్టారు. మిగిలిన పగలంతా మేం ఆ తెర మీద ఆకుపచ్చ గీతని చూస్తూ కూర్చున్నాం. దాని ఎత్తుల్లో కాస్త తేడా వస్తే ముగ్గురం ఒకేసారి లేచేవాళ్లం. సాయంత్రం డాక్టరమ్మ కొత్త కాగితం చూసి, లయ సర్దుకుంటోందని అంది. అత్తయ్య నా భుజం మీద చేయి వేసి, "పోయిందా బలం?" అని అడిగింది. "పోయిందత్తయ్యా" అన్నాను. "నేను చెప్పబట్టే" అంది. కాదనలేదు. నిజంగానే ఆవిడ చెప్పబట్టే.

గుండె కుదురుకున్నాకే మానేసిన బాధకి మందు మొదలుపెట్టారు. నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర. వేరు గుణం దిగాక మళ్లీ తన్నుకుంటున్న బావ కాళ్లు ఊరుకున్నాయి, ముక్కు ఊరుకుంది, ఆ పూట బావ ఇడ్లీ తిని, పక్క మంచం ఆయనతో రొయ్యల రేటు గురించి వాదించాడు. డాక్టరమ్మ అత్తయ్యకి విడమర్చి చెప్పింది, ఈ మాత్రని గసగసాల మొక్కలో దొరికే పదార్థంతో మొదలుపెట్టి తయారుచేస్తారని.

"అయితే ఇదీ చెట్టుమందేనా అమ్మా?"

"అవునమ్మా. కాకపోతే దీన్ని కొలిచి ఇస్తాం. పేరు చెప్పినా పనిచేస్తుంది."

అత్తయ్య ఆ మాత్ర అట్టని తిప్పి చూసింది. "దీన్ని ఏ వారం పెరుకుతారో" అంది మెల్లగా, ఎవరినీ అడగకుండా.

భయం మాత్రం ఇంటికి మాతోనే వచ్చింది. బావ ఎక్కువసేపు స్నానాల గదిలో ఉంటే అక్క తలుపు దగ్గర నిలబడుతుంది. కొత్త చొక్కా కొంటే ముందు జేబు తడుముతుంది. మాత్ర మానకూడదు, పెంచకూడదు, పాతవాటి దగ్గరికి పోకూడదు, ఎప్పుడు దింపాలో డాక్టరమ్మే చెబుతుంది, అది నెలలా ఏళ్లా అన్నది ఇప్పుడే తెలియదు. నేను వెళ్లినప్పుడు బావ మధ్యాహ్నం కునుకు తీస్తే, ఛాతీ లేస్తోందా లేదా అని నేను గుమ్మంలోంచి చూస్తాను. చూసినప్పుడల్లా లేస్తూనే ఉంది. ఆయనకి ఇది తెలుసు. అప్పుడప్పుడు కావాలనే ఊపిరి బిగబట్టి నన్ను ఏడిపిస్తాడు.

బావ ఇప్పుడు రేపల్లె ప్యాసింజరులో తెనాలి వెళ్లి మాత్రలు తెచ్చుకుంటున్నాడు. మీలో ఎవరికైనా పని పడితే, ఓపీ చీటీలు పన్నెండు లోపే ఇస్తారు. ఆధార్ జిరాక్సు అడుగుతారు, రెండు వైపులా తీయించుకోవాలి.